బీఎస్సీ మ్యాథ్స్ ఎలా చదవాలి: కాలేజీ ఎంపిక నుంచి పీజీ ఎంట్రన్స్ దాకా

ఇంటర్ ఎంపీసీలో మ్యాథ్స్ పేపర్లన్నింట్లో దాదాపు ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా బీఎస్సీ రెండో ఏడాదికి వచ్చేసరికి "నాకు మ్యాథ్స్ రాదేమో" అంటుంటారు. డిగ్రీ కాలేజీల్లో ఇది ఏటా వినిపించే మాటే. వాళ్ల తెలివి ఎక్కడికీ పోలేదు, సబ్జెక్టే మారిపోయింది. ఇంటర్‌లో లెక్క ఇస్తారు, ఏ మోడలో గుర్తుపట్టి సమాధానం రాబట్టాలి. డిగ్రీలో ఒక వాక్యం ఇస్తారు, అది ఎందుకు నిజమో, ఏ షరతు తీసేస్తే అబద్ధమవుతుందో చెప్పాలి. ఈ తేడాని చేరేముందు ఎవరూ చెప్పరు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ పరీక్షలు పాత ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి కాబట్టి ప్రూఫులు బట్టీ పట్టినా ఫస్ట్ క్లాస్ వచ్చేస్తుంది. చివరి ఏడాది ఏ పీజీ ఎంట్రన్సో రాసినప్పుడు గానీ అసలు సంగతి తెలియదు.

అందుకే మొదటి సెమిస్టర్ నుంచీ రెండు పనులు విడివిడిగా నడవాలి. ఒకటి పరీక్ష కోసం చదవడం, రెండోది మ్యాథ్స్ నేర్చుకోవడం. మొదటిదానికి సెమిస్టర్ చివర కొన్ని వారాలు గట్టిగా కూర్చుంటే సరిపోతుంది. రెండోదానికి రోజూ కొంత టైమ్ కావాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండోదాని గురించే.

చేరేముందు

తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఓఏఎండీసీ ద్వారా భర్తీ అవుతాయి. రెండింటిలోనూ వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కాలేజీ పేరుకి ఎంత విలువిస్తారో సబ్జెక్టుల కాంబినేషన్‌కీ అంతే ఇవ్వండి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ పాత కాంబినేషన్. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ దొరికితే దానికే నా ఓటు. కెమిస్ట్రీ ల్యాబ్ రికార్డులకి పోయే సాయంత్రాలు మిగులుతాయి, ఉద్యోగాల దారీ కాస్త వెడల్పవుతుంది. ఫిజిక్స్ మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వదలొద్దు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఎందుకు పుట్టాయో అక్కడే తెలుస్తుంది. ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. ఇలాంటి నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి సీనియర్లు చెప్పినదాని మీద ఆధారపడకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి. ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి ఆ కాలేజీకి వెళ్లి, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్ లెక్చరర్లు ఎందరున్నారో, సెకండియర్ క్లాసులు నిజంగా జరుగుతున్నాయో లేదో అక్కడి పిల్లల్నే అడగండి. వెబ్‌సైట్‌లో బిల్డింగ్ ఫొటోలు చూసి ఇది తెలుసుకోలేం.

ఇంటర్ సెకండియర్‌లో ఉన్నవాళ్లకి వేరే తలుపులు కూడా ఉన్నాయి. మన కార్పొరేట్ కాలేజీల్లో ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), జేఈఈ తప్ప వీటి పేర్లు చెప్పేవాళ్లు తక్కువ. బెంగళూరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో బీమ్యాథ్ ఉంది, అదే సంస్థ కోల్‌కతాలో బీస్టాట్ నడుపుతుంది. ఈ రెండింటి ఎంట్రన్స్‌లో ఒక పేపర్ బిట్లు, రెండో పేపర్‌లో ఎనిమిది లెక్కలకి పూర్తి సమాధానాలు రాయాలి. ఎంపికైనవాళ్లకి స్టైపెండ్ కూడా ఇస్తారు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ)లో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ ఆనర్స్ ఉంది, దానికీ సొంత ఎంట్రన్స్ ఉంటుంది. తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ 2015లో మొదలైంది. ఐసర్లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ సీటుకి ఐఏటీ అనే పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, అక్కడికి సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ ద్వారా వెళ్లాలి.

ఇవన్నీ వస్తాయని కాదు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ ఐఎస్ఐ, సీఎంఐ పాత పేపర్లు వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉచితంగా దొరుకుతాయి. సిలబస్ దాదాపు ఇంటర్ స్థాయిదే, ప్రశ్న అడిగే తీరు మాత్రం డిగ్రీది. సీటు రాకపోయినా ఆ పేపర్లు చేసినవాళ్లు బీఎస్సీ మొదటి సెమిస్టర్‌లోకి మిగతావాళ్లకంటే ఒక ఏడాది ముందుండి అడుగుపెడతారు.

క్లాసులు మొదలయ్యేలోపు: వాక్యాలు

ఇంటర్ ఫలితాలకీ డిగ్రీ క్లాసులకీ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది. ఆ టైమ్‌లో డిగ్రీ పుస్తకం తెరిచి పార్షియల్ డెరివేటివ్స్ మొదలుపెట్టడం వల్ల పెద్ద ఉపయోగం లేదు, అది ఎలాగూ చెబుతారు. ఎవరూ చెప్పనిది లాజిక్. దాన్ని నేర్చుకోండి.

ఈ రెండు వాక్యాలు చూడండి. "ప్రతి విద్యార్థీ ఏదో ఒక సబ్జెక్టులో ఫెయిలయ్యాడు." "ఏదో ఒక సబ్జెక్టులో విద్యార్థులందరూ ఫెయిలయ్యారు." మొదటిదాంట్లో రవి ఫిజిక్స్‌లో పోయి ఉండొచ్చు, లత కెమిస్ట్రీలో పోయి ఉండొచ్చు. రెండోదాంట్లో అందర్నీ ముంచిన సబ్జెక్టు ఒక్కటే. 'ప్రతి', 'ఏదో ఒక' అనే మాటల వరుస మారితే అర్థం మారిపోయింది. రియల్ అనాలిసిస్ మొత్తం ఈ వరుస మీదే నడుస్తుంది. ఇప్పుడు మొదటి వాక్యానికి వ్యతిరేకం చెప్పండి. "ఏ విద్యార్థీ ఏ సబ్జెక్టులోనూ ఫెయిల్ కాలేదు" అని చాలామంది అంటారు, అది తప్పు. "ఒక్క సబ్జెక్టులో కూడా ఫెయిల్ కాని విద్యార్థి కనీసం ఒకడు ఉన్నాడు" అన్నదే సరైన వ్యతిరేకం. ఇలాంటివి రోజుకి కొన్ని తయారుచేసుకుని, వ్యతిరేకాలు రాసి చూసుకోండి. వాటితో పాటు 'ఇది అయితే అది' అనే వాక్యానికీ, దాని కన్వర్స్‌కీ ('అది అయితే ఇది'), కాంట్రాపాజిటివ్‌కీ ('అది కాకపోతే ఇది కాదు') తేడా పట్టుబడాలి. సెట్లు, ఫంక్షన్లు, వన్-వన్, ఆన్‌టు, ఇండక్షన్ ఇంటర్‌లో చదివినవే. వాటిని ఈసారి నిర్వచనం నుంచి మళ్లీ చదవండి.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి భాష గురించి ఇంకో టెన్షన్ ఉంటుంది. మ్యాథ్స్ పుస్తకంలో ఇంగ్లిష్ నిజానికి చాలా తక్కువ. ఫర్ ఆల్, దేర్ ఎగ్జిస్ట్స్, సచ్ దట్, ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్, అట్ మోస్ట్, అట్ లీస్ట్, యునీక్ లాంటి ఓ ముప్ఫై మాటలు బాగా పట్టుబడితే ఏ పుస్తకమైనా నడుస్తుంది. ఆలోచన తెలుగులోనే చేయండి, స్నేహితుడికి తెలుగులోనే చెప్పండి, నిర్వచనం, థీరమ్ మాత్రం పరీక్షలో రాసే భాషలోనే రాసి అలవాటు చేసుకోండి. తెలుగు అకాడమీ పాత డిగ్రీ పుస్తకాలు లైబ్రరీలో దొరికితే పక్కన పెట్టుకోవడం మంచిదే.

నిర్వచనాన్ని ఎలా చదవాలి

బీఎస్సీ మ్యాథ్స్‌లో ఎక్కువమందిని పడగొట్టేది ఎప్సిలాన్. సీక్వెన్స్ లిమిట్ నిర్వచనాన్నే తీసుకుందాం. "ఎప్సిలాన్ ఏ ధనసంఖ్య అయినా సరే, దానికి తగ్గ ఒక పెద్ద ఎన్ దొరుకుతుంది. ఆ పెద్ద ఎన్ నుంచి ముందుకి వెళ్తే ప్రతి పదానికీ, లిమిట్‌కీ మధ్య దూరం ఎప్సిలాన్ కంటే తక్కువే." దీన్ని పదిసార్లు చదివినా ఏమీ కాదు. సంఖ్యలు వేసి చూడాలి.

ఎన్‌వ పదం (2ఎన్+1)/(ఎన్+3) అనుకోండి. లిమిట్ 2 అని ఇంటర్ పిల్లలు కూడా చెప్పేస్తారు. ఎన్‌వ పదంలోంచి 2 తీసేస్తే మిగిలేది -5/(ఎన్+3), అంటే దూరం 5/(ఎన్+3). ఇప్పుడు ఎవరో వచ్చి "దూరం 0.01 కంటే తక్కువ కావాలి" అన్నారు. ఎన్+3 అనేది 500 దాటాలి, కాబట్టి ఎన్ 498 నుంచి మొదలుపెడితే చాలు. ఇంకొకరు 0.0001 అడిగారు. ఎన్+3 అనేది 50,000 దాటాలి, కాబట్టి 49,998 నుంచి. అడిగిన ప్రతిసారీ మీ జవాబు మారుతోంది. అడిగేది ముందు, జవాబు తర్వాత. ఇదే ఆ నిర్వచనం.

ఇప్పుడు వరుస తిప్పేయండి. "ఒక పెద్ద ఎన్ ఉంది, దాని తర్వాత ప్రతి ఎప్సిలాన్‌కీ దూరం తక్కువే" అంటే ఏమవుతుంది? 5/(ఎన్+3) అనే ఒకే సంఖ్య ప్రతి ధనసంఖ్య కంటే చిన్నదవ్వాలి, అంటే సున్నా అవ్వాలి. అది కుదరదు. ఆ తిప్పిన నిర్వచనం ప్రకారం కొన్ని పదాల తర్వాత లిమిట్ విలువ దగ్గరే స్థిరంగా ఆగిపోయే సీక్వెన్సులకి మాత్రమే లిమిట్ ఉంటుంది. ఫెయిలైన విద్యార్థుల వాక్యాలతో సెలవుల్లో చేసిన కసరత్తు ఇక్కడ పనికొస్తుంది.

ప్రతి కొత్త నిర్వచనానికీ నాలుగు పనులు చేయండి. సరిపోయే ఉదాహరణ ఒకటి, సరిపోని ఉదాహరణ ఒకటి, నిర్వచనానికి వ్యతిరేక వాక్యం, చివరగా పుస్తకం మూసి నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయడం. నిర్వచనాల విషయంలో మాత్రం బట్టీకి నేను వ్యతిరేకిని కాను. నిర్వచనం నోటికి రానివాడు ప్రూఫ్ మొదటి లైనే రాయలేడు.

థీరమ్‌ని విరగ్గొట్టి చూడడం

రోల్స్ థీరమ్ ఇంటర్‌లోనే చదివారు. మూడు షరతులు: క్లోజ్డ్ ఇంటర్వల్‌లో ఫంక్షన్ కంటిన్యువస్, లోపల డిఫరెన్షియబుల్, రెండు చివర్లలో విలువలు సమానం. అలాంటప్పుడు లోపల ఎక్కడో డెరివేటివ్ సున్నా అవుతుంది. ఇంటర్‌లో చేసిందేమిటంటే, ఒక ఫంక్షన్ ఇస్తే ఆ పాయింట్ కనుక్కోవడం. డిగ్రీలో చేయాల్సింది ఒక్కో షరతూ తీసేసి ఏమవుతుందో చూడడం.

-1 నుంచి 1 దాకా మాడ్ ఎక్స్ తీసుకోండి. కంటిన్యువస్, చివర్లు సమానం, కానీ సున్నా దగ్గర డెరివేటివ్ లేదు. డెరివేటివ్ సున్నా అయ్యే చోటూ లేదు. తర్వాత కంటిన్యుటీని తీసేద్దాం. 0 నుంచి 1 లోపు ఎక్స్ దగ్గర విలువ ఎక్స్ అనీ, సరిగ్గా 1 దగ్గర మాత్రం 0 అనీ ఫంక్షన్‌ని నిర్వచించండి. చివర్లు రెండూ సున్నా, లోపల డెరివేటివ్ అంతటా 1. థీరమ్ మళ్లీ పోయింది. మూడోది మరీ తేలిక. 0 నుంచి 1 దాకా మామూలు ఎక్స్ ఫంక్షన్ చాలు, చివర్లు సమానం కావు. అంటే మూడు షరతుల్లో ఏ ఒక్కటీ దండగ కాదని తేలింది. ఇప్పుడు కన్వర్స్. డెరివేటివ్ ఎక్కడో సున్నా అయితే చివర్లు సమానమా? -1 నుంచి 1 దాకా ఎక్స్ క్యూబ్ చూడండి, కాదని తెలుస్తుంది.

ఇదంతా చేశాక ప్రూఫ్ చదివితే ఏ షరతు ఏ లైన్‌లో వాడారో దానంతట అదే కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ ప్రూఫ్ ఇంకా మీకు అర్థం కాలేదు. ప్రతి థీరమ్‌కీ ఇంత టైమ్ ఉండదు, నిజమే. యూనిట్‌కి రెండు ముఖ్యమైన థీరమ్‌లు ఎంచుకుని చేసినా చాలు. అలా దొరికిన ఉదాహరణలన్నీ ఒక వేరే నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడేళ్ల తర్వాత ఇంటర్వ్యూ ముందురోజు తిరగేయాల్సింది ఆ నోట్‌బుక్కే.

ప్రూఫ్ రాయడం

ప్రూఫ్ చదవడం వేరు, రాయడం వేరు. బోర్డు మీద చూస్తుంటే ప్రతి లైనూ అర్థమైనట్టే ఉంటుంది. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద రాయబోతే మూడో లైన్ దగ్గర ఆగిపోతుంది. రోజూ ఒక్క ప్రూఫైనా తెల్లకాగితం మీద రాయండి, ఆగిపోయిన చోట మాత్రమే పుస్తకం చూడండి, మర్నాడు దాన్నే మళ్లీ మొదటి నుంచి రాయండి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు చివరి నుంచి మొదలుపెట్టడం. రెండు ధనసంఖ్యల సగటు వాటి లబ్ధపు వర్గమూలం కంటే తక్కువ కాదని నిరూపించమంటే, ఆ మాటనే మొదటి లైన్‌లో రాసి, రెండు వైపులా స్క్వేర్ చేసి, (ఏ-బి) హోల్ స్క్వేర్ సున్నా కంటే తక్కువ కాదన్న దగ్గర ఆపి "కాబట్టి నిజం" అంటారు. అబద్ధం నుంచి మొదలుపెట్టి కూడా నిజం దగ్గర తేలొచ్చు. -1=1 అని రాసి స్క్వేర్ చేయండి, 1=1 వస్తుంది. రఫ్‌లో వెనక నుంచి పని చేయడం మంచి పద్ధతే, ఫెయిర్‌లో మాత్రం తెలిసినదాని నుంచి తెలియనిదాని వైపు నడవాలి.

చిన్న ప్రూఫులతో చేయి తిప్పుకోండి. ఒక గ్రూప్‌లో ప్రతి ఎలిమెంట్ స్క్వేరూ ఐడెంటిటీ అయితే ఆ గ్రూప్ అబీలియన్ (ఎప్పుడూ ఏబి, బిఏ సమానం) అని చూపించమన్నారు. ప్రతి ఎలిమెంటూ తన ఇన్వర్స్‌కే సమానం. కాబట్టి ఏబి అనేది మొత్తం ఏబి ఇన్వర్స్‌కి సమానం. అది బి ఇన్వర్స్ ఏ ఇన్వర్స్, అంటే బిఏ. అయిపోయింది. ఇందులో ప్రతి 'కాబట్టి'కీ కారణం మార్జిన్‌లో రాయండి. కారణం రాయలేని 'కాబట్టి' ఉంటే ప్రూఫ్‌లో చిల్లు అక్కడే ఉంది.

లెక్క రానప్పుడు

వెంటనే గైడ్ తెరవకండి. ఒక లెక్క మీద కనీసం నలభై నిమిషాలు కూర్చోండి. ఊరికే చూస్తూ కూర్చోవడం కాదు. ఇచ్చినవాటి నిర్వచనాలు రాయండి, చిన్న సంఖ్యలు వేయండి, బొమ్మ గీయండి, ఏదైనా షరతు పెంచి తేలిక చేసి చూడండి. అప్పటికీ రాకపోతే వదిలేసి మర్నాడు తీయండి. మూడోరోజు కూడా రాకపోతే సమాధానంలో మొదటి రెండు లైన్లు మాత్రమే చూసి మిగతాది మీరే చేయండి.

లెక్చరర్ దగ్గరికి "సార్, ఈ లెక్క రాలేదు" అని ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది రాసిన కాగితం తీసుకెళ్లండి. బిజీగా ఉన్న మేడమ్ కూడా ఆ కాగితం చూస్తే ఐదు నిమిషాలు కేటాయిస్తారు. క్లాసులే సరిగ్గా జరగని కాలేజీ అయితే ఎన్‌పీటెల్, స్వయం ఆన్‌లైన్ వీడియో పాఠాలు ఉన్నాయి. ఐఐటీ, ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు చెప్పినవి, ఉచితం. వీడియో చూసేటప్పుడు థీరమ్ చెప్పగానే పాజ్ చేసి, ప్రూఫ్ ఎలా మొదలవుతుందో మీరు రాశాకే ప్లే నొక్కండి. ఇప్పుడు చాట్‌బాట్లు కూడా ప్రూఫులు రాసిస్తున్నాయి. అవి చూడడానికి నీట్‌గా ఉండి మధ్యలో ఒక లైన్ తప్పుండొచ్చు. ఆ తప్పు పట్టుకోగలిగే స్థాయి వచ్చాక వాడండి, అంతకుముందు హోంవర్క్ చేయించుకుంటే నష్టం మీకే.

చదువుకి తోడు ఒకరు ఉంటే చాలా మేలు. వారానికోసారి ఖాళీ క్లాస్‌రూమ్‌లో ఒకరు బోర్డు దగ్గర, ఇంకొకరు బెంచీ మీద. బెంచీ మీదున్నవారి పని ఒక్కటే, ప్రతి లైన్‌కీ "ఎందుకు?" అనడం. అయిదారుగురు చేరితే మాత్రం అది కబుర్ల క్లబ్ అయిపోతుంది.

ఏ సబ్జెక్టులో ఎక్కడ జాగ్రత్త

ఉస్మానియాలో కొన్నేళ్లుగా నడిచిన సిలబస్‌లో మొదటి ఏడాది కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, రెండో ఏడాది రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా, మూడో ఏడాది లీనియర్ ఆల్జీబ్రా, ఆ తర్వాత న్యూమరికల్ అనాలిసిస్ లాంటివి వస్తాయి. ఆంధ్రలో సాధారణంగా గ్రూప్ థియరీ రియల్ అనాలిసిస్ కంటే ముందు వస్తుంది. ఎక్కడైనా మొదటి ఏడాది ఒక భ్రమ కల్పిస్తుంది. అదంతా ఇంటర్‌కి కొనసాగింపులా, పద్ధతి తెలిస్తే జవాబు వచ్చేలా ఉంటుంది. ఆ ఏడాదిలో ప్రూఫ్ అలవాటు చేసుకోనివాళ్లే మూడో సెమిస్టర్‌లో కుప్పకూలుతారు.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో పద్ధతులు పరీక్షకి అవసరం, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ప్రాక్టీస్ చేయండి. సాలిడ్ జామెట్రీకీ అంతే.

రియల్ అనాలిసిస్‌లో ఉదాహరణలే ప్రాణం. పదాలు సున్నాకి వెళ్తే సిరీస్ కన్వర్జ్ అవుతుందని అనుకోవడం సహజం. 1+1/2+1/3 అలా కూడుతూ పోతే అది ఏ సంఖ్య దగ్గరా ఆగదు. కానీ ఎంత నెమ్మదిగా పెరుగుతుందో పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి చూడండి, మొత్తం 10 దాటడానికే 12,367 పదాలు కావాలి. కంప్యూటర్ చూపించింది చూసి "ఆగిపోయేలా ఉంది" అనుకునే ప్రమాదం ఉంది కాబట్టే ప్రూఫ్ కావాలి. అలాగే 0 నుంచి 1 దాకా ఎక్స్ పవర్ ఎన్ ఫంక్షన్లు. ఒక్కొక్కటీ కంటిన్యువస్, కానీ ఎన్ పెరిగేకొద్దీ అవి చేరే ఫంక్షన్ 1 కి ముందంతా 0, సరిగ్గా 1 దగ్గర 1. యూనిఫామ్ కన్వర్జెన్స్ అనే మాట ఎందుకు పుట్టిందో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

గ్రూప్ థియరీలో చాలామంది నార్మల్ సబ్‌గ్రూప్ దగ్గర తప్పిపోతారు. ఎస్3 అనే ఆరు ఎలిమెంట్ల గ్రూప్‌ని పూర్తిగా చేతులతో రాయండి, టేబుల్‌తో సహా. ఐడెంటిటీ, 1, 2 లను మార్చే ఎలిమెంట్, ఈ రెండింటితో ఏర్పడే సబ్‌గ్రూప్ తీసుకుని, 1, 3 లను మార్చే ఎలిమెంట్‌తో ఎడమ కోసెట్, కుడి కోసెట్ వేసి చూడండి. రెండూ వేరువేరుగా వస్తాయి. కోసెట్లని గుణించబోతే ఎక్కడ చెడుతుందో అప్పుడు కంటికి కనిపిస్తుంది. లగ్రాంజ్ థీరమ్ (సబ్‌గ్రూప్ సైజు గ్రూప్ సైజుని భాగిస్తుంది) చదివాక కన్వర్స్ అడగడం మర్చిపోవద్దు. ఏ4 అనే గ్రూప్‌లో పన్నెండు ఎలిమెంట్లున్నా ఆరు ఎలిమెంట్ల సబ్‌గ్రూప్ లేదు. దీన్ని మీ అంతట మీరు నిరూపిస్తే ఆ యూనిట్ వచ్చేసినట్టే.

లీనియర్ ఆల్జీబ్రా సిలబస్‌లో ఎప్పుడు వచ్చినా, రెండో ఏడాది సెలవుల్లోనే మొదలుపెట్టండి. స్టాటిస్టిక్స్, మెషిన్ లెర్నింగ్, ఫిజిక్స్, పీజీ ఎంట్రన్స్ అన్నింటికీ అదే పునాది. మ్యాట్రిక్స్ అంటే గళ్లలో సంఖ్యలు అన్న ఇంటర్ అలవాటు వదిలి, అది వెక్టర్లని ఎక్కడికి పంపుతోందో చూడండి. నిలువు వరుసలు అంటే బేసిస్ వెక్టర్లు వెళ్లి పడిన చోట్లు. తలాన్ని 90 డిగ్రీలు తిప్పే మ్యాట్రిక్స్‌కి రియల్ ఐగెన్ విలువ ఎందుకు ఉండదో డిటర్మినెంట్ లేకుండా చెప్పగలగాలి. తిప్పాక సున్నా కాని ఏ వెక్టరూ తన గీత మీదే ఉండదు, అంతే. బొమ్మల కోసం జియోజీబ్రా వాడండి, ఉచితం.

సెమిస్టర్ పరీక్ష

మార్కులూ కావాలి. పీజీ అడ్మిషన్‌కీ, స్కాలర్‌షిప్‌కీ అడుగుతారు, బ్యాక్‌లాగ్ పడితే తర్వాతి సెమిస్టర్‌నీ తినేస్తుంది. గత ఐదేళ్ల పేపర్లు సంపాదించి, యూనిట్ల వారీగా ప్రశ్నలు విడగొట్టండి. మళ్లీ మళ్లీ వచ్చే థీరమ్‌లు వాటంతట అవే బయటపడతాయి. ఒక్కో థీరమ్‌కీ ప్రూఫ్ అస్థిపంజరం రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. ఉదాహరణకి లగ్రాంజ్ థీరమ్: కోసెట్లన్నింటిలో ఎలిమెంట్లు సమానం, కోసెట్లు ఒకదానితో ఒకటి కలవవు, అన్నీ కలిస్తే మొత్తం గ్రూప్. ఇంతే గుర్తుంటే మిగతాది హాల్లో రాయొచ్చు. నాలుగు పేజీల ప్రూఫ్ బట్టీ పట్టినవాడు ఒక లైన్ మర్చిపోతే అక్కడే ఆగిపోతాడు.

పేపర్‌లో స్టేట్‌మెంట్ వేరుగా, ప్రూఫ్ వేరుగా, వాడిన థీరమ్ పేరు స్పష్టంగా రాయండి. దిద్దేవాళ్ల దగ్గర కట్టలు కట్టలు పేపర్లుంటాయి, వాళ్ల కళ్లకి పని తగ్గించండి. ఇంటర్నల్ మార్కులు పోగొట్టుకోవడం మాత్రం శుద్ధ దండగ.

కాలేజీ గోడల బయట

ఎంటీటీఎస్ అని ఒక శిక్షణ కార్యక్రమం ఉంది. 1993లో ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ మొదలుపెట్టారు, ఆయన తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ పనిచేశారు. వేసవిలో దేశంలోని వేర్వేరు చోట్ల డిగ్రీ, పీజీ పిల్లలకి క్లాసులు పెడతారు. అక్కడ లెక్చర్ వినడం కాదు, మీరే బోర్డు దగ్గరికెళ్లి నిరూపించాలి. రెండో ఏడాది చదువుతూ దీనికి అప్లై చేయకపోవడం మంచి అవకాశం వదులుకోవడమే. డిగ్రీ పిల్లల కోసమే మాధవ మ్యాథమెటిక్స్ కాంపిటిషన్ ఉంది. గెలవకపోయినా పాత పేపర్లు చేయండి, మీ యూనివర్సిటీ పేపర్‌కీ దానికీ ఉన్న తేడా చూస్తే మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది.

స్టాటిస్టిక్స్ వైపు చూపున్నవాళ్లకి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. సి.ఆర్. రావు 1940లో ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్‌లోనే ఎంఏ చేశారు. ఉద్యోగ ప్రయత్నంలో కలకత్తా వెళ్లి అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో ఆయన ప్రచురించిన పేపర్‌లోని ఫలితాన్నే ఇప్పుడు క్రామర్-రావు బౌండ్ పేరుతో ప్రపంచమంతా చదువుతోంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ లేకపోయినా ప్రాబబిలిటీ ఒక్కటైనా సొంతంగా చదవండి. పైథాన్ తప్పనిసరి అనుకోండి. మ్యాథ్స్ టైప్ చేసే సాఫ్ట్‌వేర్ లేటెక్‌లో టైప్ చేయడం ప్రాజెక్ట్ రిపోర్ట్‌తో నేర్చుకుంటే సరిపోతుంది.

మూడో ఏడాది: తర్వాత ఎటు

పీజీకి వెళ్లాలనుకుంటే జామ్ ముఖ్యమైనది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ ఇదే దారి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఒకే జవాబుండే బిట్లు 30, ఒకటికి మించి సరైన జవాబులుండేవి 10, సంఖ్య టైప్ చేయాల్సినవి 20. నెగెటివ్ మార్కులు మొదటి రకానికే. సిలబస్ రియల్ అనాలిసిస్, మల్టీవేరియబుల్ కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూప్ థియరీ, అంటే డిగ్రీలో చదివిందే. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నల దగ్గరే మన పిల్లలు దెబ్బతింటారు. "కింది వాటిలో ఏవి నిజం" అని నాలుగు వాక్యాలిస్తారు, ఫార్ములా ఏదీ పనిచేయదు. మీ ఉదాహరణల నోట్‌బుక్ తీసి ఒక్కో వాక్యాన్నీ విరగ్గొట్టడానికి ప్రయత్నించడమే పద్ధతి. ఐదో సెమిస్టర్ మొదట్లోనే పాత పేపర్లు మొదలుపెట్టండి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. లీనియర్ ఆల్జీబ్రా ముందే చదవమన్నది ఇందుకే, కాలేజీలో అది పూర్తయ్యాక రివిజన్‌కి టైమ్ మిగలదు.

రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్ ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ. స్కూల్ టీచర్ కావాలంటే ఎడ్‌సెట్ రాసి బీఈడీ, ఆపైన టెట్, డీఎస్సీ. డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే ఎమ్మెస్సీ తర్వాత నెట్ లేదా సెట్. ఎంసీఏ వైపు వెళ్లేవాళ్లకి ఐసెట్. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ రాసేవాళ్లకి మ్యాథ్స్ డిగ్రీ అడ్డు కాదు, కానీ వాటికోసం మ్యాథ్స్ డిగ్రీయే అక్కర్లేదు కూడా. ఇంట్లో "ఎమ్మెస్సీ చేస్తే ఏమొస్తుంది" అని అడిగితే ఈ దారులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికీ ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా అన్నది పక్కన వేసి చూపించండి. నోటిమాటగా చెప్తే వాదన అవుతుంది.

చివరి సెమిస్టర్ పరీక్షలు, ఫలితాలు మన యూనివర్సిటీల్లో ఒక్కోసారి ఆలస్యమవుతాయి, బయట సంస్థలు మాత్రం తమ గడువు మార్చుకోవు. కాబట్టి అడ్మిషన్ వచ్చిన సంస్థ మార్క్స్ మెమోలు, ప్రొవిజనల్ ఏ తేదీలోపు అడుగుతోందో చూసుకుని, మీ కాలేజీ ఆఫీసులో ముందే దరఖాస్తు పెట్టి రశీదు తీసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కేంద్ర సంస్థలకి వేరే ఫార్మాట్‌లో కావాలి, వాటికోసం మీసేవకో సచివాలయానికో జామ్ అప్లికేషన్ వేసే రోజుల్లోనే వెళ్లండి.